పెళ్లి కోసం బాప్తిస్మం

దర్శి, పొదిలి, కురిచేడు, దొనకొండ వైపు క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లి సంబంధం అనగానే ఒక ప్రశ్న వస్తుంది. "అబ్బాయి రక్షణ పొందాడా?" అంటే బాప్తిస్మం తీసుకున్నాడా, ఆదివారం సంఘానికి వస్తాడా, ప్రభువు బల్లలో చేయి వేస్తాడా అని. ఉద్యోగం, పొలం, ఇల్లు, ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ తర్వాత మాట్లాడుకోవాలి. పద్ధతి అది. జరిగేది వేరు. ముందు ఉద్యోగం చూస్తారు, ఇల్లు చూస్తారు, జాతకం చూడరు గానీ జీతం కాగితం చూస్తారు. అన్నీ కుదిరి, ప్రధానానికి తేదీ కూడా అనుకున్నాక అప్పుడు సంఘ కాపరి గుమ్మం తొక్కుతారు. అక్కడ మాటలు దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తాయి.

"అయ్యగారూ, పిల్లోడు బంగారం. బెంగుళూరులో ఉద్యోగం. మందు లేదు, సిగరెట్టు లేదు."

"సంతోషం. ఏ సంఘం?"

"సంఘం అంటే… వాళ్లు అన్యులే అయ్యగారూ. కానీ మనోళ్లే, మా మేనత్త వైపు చుట్టాలు. పెళ్లికి ముందు బాప్తిస్మం ఇప్పిద్దాం. పిల్లోడు కాదనడు."

"పెళ్లెప్పుడు?"

"వచ్చే నెల ఇరవయ్యో తారీకు."

అయ్యగారికి ఇక చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాదంటే ఆ కుటుంబం ఇంకో సంఘానికి పోతుంది. ఔనంటే తాను వాక్యం చెప్పే బల్ల ముందు నిలబడి, తానే నమ్మని బాప్తిస్మం ఇవ్వాలి. ఎక్కువసార్లు ఔననే అంటారు.

విశ్వాసి అవిశ్వాసిని పెళ్లి చేసుకోవచ్చా? వేరే నమ్మకం ఉన్న వాళ్లతో క్రైస్తవులు ఎంత దగ్గరగా మసలుకోవచ్చు? ఈ ప్రశ్న రెండువేల ఏళ్ల నాటిది. మన దర్శి వైపు మాత్రం దానికి నూట యాభై ఏళ్ల ప్రత్యేక చరిత్ర ఒకటి ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఈ 'వచ్చే నెల ఇరవయ్యో తారీకు' బాప్తిస్మం ఎంత విడ్డూరమో అర్థమవుతుంది.

ముందు గ్రంథం సంగతి. సంఘాల్లో ఈ విషయం మీద ప్రసంగం చేసే ప్రతి ఒక్కరూ ఎత్తే మాట పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండవ పత్రికలో, ఆరో అధ్యాయంలో ఉంది. అవిశ్వాసులతో కలిసి ఒకే కాడి కిందికి పోవద్దని దాని సారాంశం. ఎద్దునూ గాడిదనూ జతచేసి దున్నవద్దని ద్వితీయోపదేశకాండం చెప్పిన పాత నియమం దాని వెనక ఉంది. ఒంగోలు గిత్తల సీమలో పుట్టినవాళ్లకు ఈ పోలిక ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎత్తు కలవని జత కడితే కాడి ఒకవైపుకు వాలుతుంది, పొట్టి పశువు మెడ ఒరుసుకుపోతుంది, చాలు వంకర పోతుంది.

ఒక సంగతి మాత్రం ప్రసంగాల్లో తరచుగా జారిపోతుంటుంది. పౌలు ఆ మాట అన్నచోట పెళ్లి ప్రస్తావనే లేదు. అక్కడ ఆయన మాట్లాడుతున్నది విగ్రహాల గురించి, దేవాలయం గురించి, ఎవరితో పొత్తు పెట్టుకోవాలనే దాని గురించి. పెళ్లి గురించి ఆయన సూటిగా మాట్లాడింది మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో. భర్త చనిపోయిన స్త్రీ తనకు నచ్చినవాణ్ణి చేసుకోవచ్చు, అయితే అతను ప్రభువునందు ఉన్నవాడై ఉండాలి అంటాడు. కాబట్టి కొత్తగా పెళ్లి చేసుకునేవాళ్లకు హద్దు ఉంది. అందులో అనుమానం లేదు. కానీ అదే అధ్యాయంలో, దానికంటే ముందు, ఇంకో మాట ఉంది. ఇప్పటికే పెళ్లయి, ఇద్దరిలో ఒకరే క్రీస్తును నమ్మితే? అవతలివారు కాపురం చేయడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దంటాడు. వాళ్లంతట వాళ్లు వెళ్లిపోతే వెళ్లనివ్వమంటాడు. విశ్వాసి మూలంగా ఆ అవిశ్వాసీ, వాళ్లకు పుట్టిన పిల్లలూ పవిత్రులే అంటాడు.

కొరింథు ఓడరేవు పట్నం. పౌలు ఈ పత్రికలు రాసింది క్రీస్తుశకం 55 ప్రాంతంలో. అప్పటికి అక్కడి సంఘంలో అందరూ కొత్తవాళ్లే. ఒక ఇంట్లో భార్య నమ్మింది, భర్త నమ్మలేదు. ఇంకో ఇంట్లో కొడుకు నమ్మాడు, తండ్రి గుడికి పోతున్నాడు. వాళ్లకు ఆయన చెప్పిన మొదటి మాట 'నిలబడండి' అని. 'పెళ్లాడేటప్పుడు చూసుకోండి' అన్నది రెండో మాట. మనం రెండోదాన్ని గట్టిగా పట్టుకుని, మొదటిదాన్ని గంజిలో ఈగలా తీసి పక్కన పెట్టాం.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం.

అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘం మొదలైంది. అయితే ఆ ఉద్యమాన్ని ఊరూరా నడిపించింది దొర కాదు. ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్తుడు, యోగ మార్గం పట్టి గురువుల వెంట తిరిగినవాడు, ఊళ్లో మాట చెల్లుబాటయ్యే మనిషి. ఆయన క్రీస్తును నమ్మాక ఆ కబురు రోడ్ల వెంట పోలేదు, చుట్టరికాల వెంట పోయింది. పెద్దమ్మ ఊరికి, చిన్నత్త ఊరికి, వియ్యపువారి ఊరికి. ఆ చుట్టరికాల గురించీ, తోలు పని చేసే ఆ కుటుంబాల జీవితం గురించీ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో పుస్తకమే రాసింది. ప్రపంచవ్యాప్తంగా మిషనరీ చరిత్రకారులు తర్వాత కాలంలో 'సామూహిక ఉద్యమాలు' అని పేరు పెట్టి పరిశీలించిన వాటిలో మన ప్రాంతానిది పెద్దది.

చుట్టరికాల వెంట పోయిన విశ్వాసం చుట్టరికాలను చీల్చకుండా ఉంటుందా? అన్నదమ్ముల్లో పెద్దవాడు బాప్తిస్మం తీసుకుంటాడు, చిన్నవాడు తీసుకోడు. మేనమామ సంఘంలో ఉంటాడు, మేనల్లుడు పోలేరమ్మ కొలుపులకు డప్పు కొడుతుంటాడు. మేనరికం మీద బతికే సమాజంలో ఇది చిన్న చిక్కు కాదు. పుట్టినప్పుడే ఫలానావాడికి ఫలానా పిల్ల అని అనుకున్న ఇళ్లు ఇవి. కొత్తగా సంఘంలోకి వచ్చినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడూ వినడానికి తేలిక, పాటించడానికి ప్రాణం మీదికి వచ్చేవి. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకోడు. కొలుపులకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. ఎన్నో ఊళ్లలో దెబ్బలు తిన్నారు, బావి నీళ్లు బందయ్యాయి. అయినా ఆ మూడింటిలో పెళ్లి ఊసు లేదని గమనించండి. బాప్తిస్మం లేని మేనల్లుడికి పిల్లనివ్వొద్దని చెప్పి ఉంటే ఆ సంఘం మొదటి ఏడాదిలోనే రెండు ముక్కలయ్యేదని నా అభిప్రాయం.

ఇంకో చిత్రం కూడా చెప్పాలి. క్లౌ ఒంగోలు వచ్చిన ఆ 1866లోనే ప్రభుత్వం ఒక చట్టం చేసింది. క్రైస్తవంలోకి మారినవారి వివాహ రద్దు చట్టం. మతం మారినందుకు భార్యో భర్తో ఆరు నెలలపాటు విడిచి ఉంటే, మారినవాళ్లు కోర్టుకు పోవచ్చని అందులో ఉండేది. అయితే కోర్టు వెంటనే తెగ్గొట్టేది కాదు. అవతలి మనిషిని పిలిపించి, నిజంగా కాపురానికి రావడం ఇష్టం లేదా అని అడిగి, ఇంకో ఏడాది గడువిచ్చి చూసి, అప్పటికీ కుదరకపోతేనే రద్దు చేసేది. పౌలు చెప్పిన 'వెళ్లిపోతే వెళ్లనివ్వండి' అనే మాటకు కోర్టు భాష అది. ఆ ఏడాది గడువులో ఉన్న ఓపిక నాకు నచ్చుతుంది. ఇవాళ మన పెళ్లిళ్లకు నెల రోజుల ఓపిక కూడా లేదు.

తర్వాత 1876 నుంచి 78 దాకా ధాతకరువు. మన ప్రాంతం కాటకంలో మాడిపోయింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే అందులో మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. గుంపులు గుంపులుగా జనం వచ్చి బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. అప్పుడు ఆయన ఏం చేశాడు? ఇవ్వనన్నాడు. దాదాపు పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూలి కోసం, బియ్యం కోసం వచ్చారేమోనన్న అనుమానం. కరువు సాయం చేతిలో ఉన్నంతకాలం బాప్తిస్మం ముట్టుకోకూడదని తనకు తాను పెట్టుకున్న కట్టు అది. కరువు పని అయిపోయి, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. అప్పుడు 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వార్షికోత్సవ సభల్లో చెప్పుకుంటాం. దాని ముందున్న పదిహేను నెలల సంగతి ఎవరూ చెప్పరు.

ఆకలితో చచ్చిపోతున్నవాడికి, అన్నం కోసమైతే బాప్తిస్మం వద్దని ఆపిన సంఘం మనది. ఇవాళ కడుపు నిండినవాడికి, పిల్ల కోసం అదే బాప్తిస్మాన్ని ఆదరాబాదరాగా ఇస్తున్న సంఘమూ మనదే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇందులో నష్టపోయేది ఎవరు? ముందు ఆ అబ్బాయి. ఇతరుల నమ్మకం కోసం నీళ్లలో మునిగి లేచినవాడు జీవితాంతం దాన్ని ఒక లాంఛనంగానే చూస్తాడు. పెళ్లి చీటీల మీద వేసిన పేరు లాగా. రేపు నిజంగా ఆయనకు నమ్మకం కలిగినా, ఆ బాప్తిస్మపు తొట్టిలోకి మళ్లీ దిగనివ్వం, ఎందుకంటే 'అయిపోయింది కదా'. తర్వాత నష్టపోయేది అమ్మాయి. భర్త విశ్వాసి అనే మాట మీద వెళ్లింది. వెళ్లాక మొదటి శ్రావణ శుక్రవారం అత్తగారు కుంకుమ భరిణె పట్టుకుని వస్తుంది.

ఆ కుంకుమ దగ్గర కాసేపు ఆగుదాం. మన సంఘాల్లో చాలామంది ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. బాప్టిస్ట్, లూథరన్ పాత సంఘాల్లో కొందరు పెట్టుకుంటారు, పువ్వులు పెట్టుకుంటారు, మంగళసూత్రం వేసుకుంటారు. పెంతెకోస్తు సంఘాల్లో అవేవీ ఉండవు. ఇప్పుడు అత్తగారి కోణం నుంచి చూడండి. కోడలు మంచిది, పని చేస్తుంది, మాట వినయంగా ఉంటుంది. కానీ ఆ నుదురు ఖాళీగా ఉండటం ఆమె చూడలేకపోతుంది. ఆమెకు ఖాళీ నుదురంటే తన కొడుకు ఆయుష్షుకు ముప్పు. కోడలికి ఆ కుంకుమ అంటే తన దేవుడిని కాదనడం. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. మధ్యలో నిలబడిన కొడుకు, నెల కిందట బాప్తిస్మం తీసుకున్న ఆ విశ్వాసి, సెల్‌ఫోన్ చూసుకుంటుంటాడు. కాడి ఒకవైపుకు వాలడమంటే ఇదే. తల్లికీ భార్యకూ మధ్య తెగని లెక్క. ఆ లెక్క పెళ్లికి ముందే కూర్చుని తేల్చుకుని ఉంటే, బొట్టు పెట్టుకుంటావా లేదా, వ్రతంలో కూర్చుంటావా లేదా, ఆదివారం నిన్ను సంఘానికి ఎవరు దించుతారు, పిల్లలను ఎటు తీసుకెళ్తాం అని నలుగురి ముందు మాట్లాడుకుని ఉంటే, ఆ పెళ్లి కొంతవరకు నిలబడేది. మాట్లాడుకోకుండా నోరు మూయించింది ఆ తొందర బాప్తిస్మమే. 'అబ్బాయి మారాడు' అనేశాక ఇక అడగడానికి ఏముంది?

తిరగేసి కూడా చూడాలి. హిందూ ఇంటి అమ్మాయి క్రైస్తవ ఇంటికి వస్తే మనం చేసేదీ అదే. మొదటి వారంలోనే బొట్టు చెరిపేయమంటాం. పుట్టింట్లో పండక్కి పోవద్దంటాం. దసరా నాడు తల్లి పంపిన పులిహోర డబ్బా గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆ పులిహోర విషయంలో కూడా పౌలు మనకంటే మెతక. అవిశ్వాసి ఇంటికి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లు, పెట్టింది తిను, ఎక్కడి నుంచి తెచ్చారని ఆరా తీయకు అంటాడు. ఇది విగ్రహానికి పెట్టింది అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమంటాడు. ఇరుగుపొరుగుతో మసలుకోవడంలో క్రైస్తవుడికి దీనికంటే మంచి మర్యాద పాఠం నాకు కనిపించలేదు.

గతంలో పెద్దలు ఏమన్నారో కూడా చూద్దాం. సుమారు క్రీస్తుశకం 305లో స్పెయిన్ దేశంలో ఎల్వీరా అనే చోట బిషప్పులు సమావేశమై తీర్మానాలు చేశారు. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నా సరే, అన్యులకు ఇవ్వడానికి వీల్లేదని అందులో ఒకటి. 'ఎంతమంది ఉన్నా సరే' అన్నారంటే ఆనాడే సంఘాల్లో ఆడపిల్లలు ఎక్కువ, మగపిల్లలు తక్కువ అన్నమాట. మన సంఘాలు చూడండి ఏ ఆదివారమైనా. ఆడవాళ్ల వైపు చాపలు చాలక గుమ్మం దాకా కూర్చుంటారు. మగవాళ్ల వైపు ముసలివాళ్లు, పిల్లలు, గోడకు ఆనుకున్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. అమ్మాయిలు డిగ్రీలు చదివారు, నర్సింగ్ చేశారు, టీచర్లయ్యారు. 'విశ్వాసినే చేసుకో' అని వాళ్లకు చెప్పే పెద్దలు, ఆ విశ్వాసి ఎక్కడున్నాడో కూడా చూపించాలి కదా. ముప్పై రెండేళ్లు వచ్చినా ప్రార్థన చేసుకుంటూ కూర్చోమనడం సలహా అనిపించుకోదు.

ఎల్వీరా తీర్మానం చేసిన యాభై ఏళ్లకు ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో, మోనికా అనే క్రైస్తవ స్త్రీ క్రైస్తవుడు కాని భర్తతో కాపురం చేస్తూ ఒక కొడుకును కన్నది. ఆ కొడుకు అగస్టీన్. పాశ్చాత్య క్రైస్తవ్యం చాలావరకు ఆయన రాతల మీద నడిచింది. భర్త పాట్రీషియస్ చివరి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకు ముందు? పౌలు శిష్యుడు తిమోతి సంగతి. అతని తల్లి యునీకే విశ్వాసి అయిన యూదురాలు, తండ్రి గ్రీకువాడు. ఇంకా ముందు రూతు. మోయాబు దేశపు స్త్రీ, యేసు వంశావళిలో మత్తయి పేరు పెట్టి రాశాడు. మరోవైపు ఎజ్రా కాలంలో అన్య స్త్రీలను పెళ్లాడినవాళ్లందరితో భార్యలను వదిలించారు, పిల్లలతో సహా. గ్రంథంలో రెండూ ఉన్నాయి. ఒకదాన్ని చదివి ఇంకోదాన్ని దాటేసేవాళ్లతో నాకు పేచీ.

కాథలిక్ సంఘం దారి కొంచెం వేరు. బాప్తిస్మం లేనివారితో పెళ్లికి అడ్డు ఉందని దాని ధర్మశాస్త్రం చెబుతూనే, బిషప్పు అనుమతి ఇస్తే ఆ అడ్డు తొలగుతుందంటుంది. కాథలిక్ వ్యక్తి తన విశ్వాసం వదలనని, పిల్లలకు బాప్తిస్మం ఇప్పించడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. అవతలివారికి ఆ మాట సంగతి ముందే తెలియజేయాలి. మతం మారమని అడగరు. ఈ నిజాయితీ మన స్వతంత్ర సంఘాల్లో కూడా వస్తే బాగుండును.

ఇంతసేపూ నమ్మకం గురించే మాట్లాడాను. ఇప్పుడు ఎవరూ మైకులో చెప్పని మాట ఒకటి చెప్పాలి. మొదట్లో విన్న ఆ సంభాషణలో ఒక ముక్క ఉంది: 'అన్యులే గానీ మనోళ్లే.' ఆ 'మనోళ్లు' అంటే ఏమిటో మీకు తెలుసు, నాకు తెలుసు. మా వైపు సంఘంలో బాప్తిస్మం తీసుకున్న అబ్బాయి, ప్రార్థనాపరుడు, ఉద్యోగస్తుడు, కానీ వేరే కులం అయితే సంబంధం కుదరదు. బాప్తిస్మం లేని అబ్బాయి, స్వంత కులం అయితే కుదురుతుంది, బాప్తిస్మం తర్వాత ఇప్పించవచ్చు. మాలల సంఘం, మాదిగల సంఘం అని ఊళ్లో జనం ఇప్పటికీ పలికే పేర్లున్నాయి. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో క్రీస్తును నమ్మినవాళ్లు దళిత సంఘంలో ఆరాధనకు కూర్చుంటారేమో గానీ, పిల్లను ఇవ్వడం దగ్గర మళ్లీ పాత గీత దగ్గరే ఆగిపోతారు. అవిశ్వాసిని చేసుకోవద్దని గట్టిగా చెప్పే సంఘాల్లో నూటికి ఎన్ని కులాంతర క్రైస్తవ వివాహాలు జరిగాయో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోండి. లెక్క తేలితే, మనం కాపాడుతున్నది విశ్వాసాన్నా ఇంకోదాన్నా అన్నది కూడా తేలుతుంది.

మన పక్కనే ఉన్న వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఇంటి సంగతి చూడండి. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రీస్తును నమ్మిన ఇల్లే. ఆ పెళ్లిని ఆనాటి ఊరు ఎట్లా చూసి ఉంటుందో ఊహించండి. పిల్లవాడు పెద్దయి కవి అయ్యాడు. కులం పేరు చెప్పి సభల్లోంచి ఒక వైపు వాళ్లు వెళ్లగొట్టారు. హిందూ పురాణ కథలు కావ్యాలుగా రాస్తున్నాడని ఇంకో వైపు క్రైస్తవ పెద్దలు వెలివేశారు. 'అన్యుల' కథ రాస్తే చాలు, అవిశ్వాసితో పొత్తు అయిపోయింది వాళ్లకు. అదే మనిషి తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. వెలివేసిన పెద్దల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తు లేవు.

ఇక చట్టం. ఇది వినేవాళ్లలో పెళ్లీడు పిల్లలున్న ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి కాస్త శ్రద్ధగా వినమని కోరుతున్నాను.

ఇద్దరూ గానీ, ఇద్దరిలో ఒకరు గానీ క్రైస్తవులైతే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద పెళ్లి చేసే కాపరికి అధికారం ఉండాలి. బిషప్పు అభిషేకించిన వ్యక్తి కావాలి, లేదా ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అధికారం లేకుండా పెళ్లి చేస్తే పదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చని ఆ చట్టంలోనే ఉంది. ఊరికి నాలుగు ప్రార్థనా మందిరాలున్న ఈ రోజుల్లో ఎంతమంది అయ్యగార్ల దగ్గర ఆ లైసెన్సు ఉందో అడగడానికి మొహమాటపడకండి. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ చట్టం ప్రకారం మామూలుగా పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపల జరగాలి. అర్ధరాత్రి ముహూర్తాలకు అలవాటుపడిన మన చుట్టాలకు ఇది ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఒకరు క్రైస్తవులు, ఒకరు హిందువులు అయితే? గుడిలో తాళి కట్టి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించేస్తారు చాలామంది. ఇది పెద్ద పొరపాటు. మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. రోమన్ కాథలిక్ యువకుడు, హిందూ యువతి 1996లో అట్లాగే తాళి కట్టించుకుని, హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకున్నారు. తర్వాత వివాదం వచ్చింది. హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల మధ్య పెళ్లికే వర్తిస్తుంది, ఒకరు క్రైస్తవులైతే ఆ పెళ్లి చెల్లదని 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాళి ఉంది, కాగితం ఉంది, పెళ్లి మాత్రం లేదు.

మన వైపు ఇది ఇంకా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. దాంతో ఆదివారం సంఘంలో విశ్వాసిగా, సోమవారం తహసీల్దారు కార్యాలయంలో హిందువుగా బతికే కుటుంబాలు ఎన్నో. దానికి కారణాలు ఆకలికీ, చదువుకూ సంబంధించినవి, నేను వాళ్లను తప్పుపట్టడం లేదు. ఆ ఉత్తర్వు న్యాయమైనదా అన్నది వేరే చర్చ. కానీ పెళ్లి దగ్గర ఆ రెండు కాగితాలూ ఎదురుపడతాయి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు దీని గురించే గట్టిగా మాట్లాడింది. తండ్రి హిందువు, తల్లి క్రైస్తవురాలు, తనకు చిన్నప్పుడే బాప్తిస్మం అయింది. రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం కుదరదని ఆమె వినతిని తోసిపుచ్చింది. కాబట్టి పెళ్లికోసం ఇచ్చిన బాప్తిస్మం ఊరికే తడిసి ఆరిపోయే సంగతి కాదు. అది ఒక రోజు కోర్టులో సాక్ష్యమవుతుంది, పుట్టబోయే పిల్లల కాగితాల్లో కూడా.

ఎవరూ ఎవరి నమ్మకమూ మార్చుకోకుండా పెళ్లి చేసుకోవడానికి దేశంలో దారి ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. సంఘాలు దీన్ని 'రిజిస్టరు పెళ్లి' అని చిన్నచూపు చూస్తాయి. నా దృష్టిలో, నమ్మని బాప్తిస్మంతో చేసిన చర్చి పెళ్లి కంటే నిజం చెప్పి చేసుకున్న రిజిస్టరు పెళ్లి దేవుడి ముందు ఎక్కువ మర్యాదైనది. ప్రధానం రోజున అబ్బాయి నలుగురిలో నిలబడి 'నేను ఇంకా నమ్మలేదు, ఆమె నమ్మకానికి అడ్డు రాను' అంటే, ఆ మాట మీద ఒక కాపురం కట్టుకోవచ్చు. పౌలు కొరింథువాళ్లకు చెప్పిన మొదటి మాటకు దగ్గరగా వచ్చే మాట అది. హద్దు దాటావని సంఘం ఆ అమ్మాయిని కొన్నాళ్లు బల్ల నుంచి ఆపితే ఆపనివ్వండి, అది సంఘం హక్కు. కానీ వెలివేయకండి. ఆమె తల్లి చనిపోయినప్పుడు సమాధుల తోటలో చోటుకు బేరం పెట్టకండి.

సంఘ పెద్దలకు, కాపరులకు నా విన్నపం ఒక్కటే. పెళ్లి తేదీ పెట్టుకుని బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆ పెళ్లి అయ్యేదాకా ఇవ్వకండి. క్లౌ కరువులో పదిహేను నెలలు ఆగాడు, మీరు పెళ్లి అయ్యాక ఒక ఏడాది ఆగండి. ఆ ఏడాది తర్వాత కూడా ఆ అబ్బాయి అడిగితే అప్పుడు తొట్టిలో నీళ్లు నింపండి. తల్లిదండ్రులకు ఒక మాట: సంబంధం ఖాయం చేసుకునే ముందు అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, పక్కన అయ్యగారు లేకుండా, మేనమామ లేకుండా.

ఇక యువతీ యువకులకు. వేరు వేరు మతాల వాళ్లు పెళ్లి చేసుకుంటే ప్రత్యేక వివాహ చట్టం కింద మీ ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నోటీసు ఇవ్వండి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అప్పటికి ముప్పై రోజులుగా నివాసం ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువుంటుంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి. వయసు, చిరునామా ఆధారాలు, ముగ్గురు సాక్షులు కావాలి. ఇప్పటికే గుడిలోనో చర్చిలోనో పెళ్లి అయిపోయి, చెల్లుతుందో లేదో అనే అనుమానం ఉన్నవాళ్లు, ఇద్దరికీ 21 నిండి ఉంటే, అదే చట్టం 15వ సెక్షను కింద ఆ పెళ్లిని నమోదు చేయించుకోవచ్చు. ఆలస్యం చేయకండి.